జమున తీసిన పన్నెండు తలుపులు

జమునది కొడకండ్ల దగ్గరి ఓ తండా. డిగ్రీ మధ్యలో ఆగిపోయాక తొర్రూరులోని చిన్న కమ్యూనిటీ టీవీ స్టూడియోలో చేరింది. స్టూడియో అంటే బట్టల దుకాణం మీద రెండు గదులు, రెండు కెమెరాలు, గోడకు వేలాడే ఆకుపచ్చ గుడ్డ. దాన్ని నడిపే యుగేందర్ ప్రతి శుక్రవారం పది నిమిషాలు ఆమెకు వదిలేశాడు.

"యాంకర్ వద్దంటవ్, పాట వద్దంటవ్. సరే, ఎట్ల తీస్తవో తియ్యి" అన్నాడు.

మొదట మిరపకాయలు ఏరే చేతులను మాత్రమే ఎనిమిది నిమిషాలు చూపించింది. మాట లేదు, ముఖం లేదు. టీవీ చెడిపోయిందని నలుగురు ఫోన్ చేశారు. యుగేందర్ వాళ్లకు ఓపికగా సమాధానం చెప్పాడు గానీ ఆమెను ఆపలేదు.

ఆ ఎండాకాలం ఆమె తన తండాలోనే తాళాలు వేసిన ఇళ్లను తీసింది. పన్నెండు కుటుంబాలు హైదరాబాద్‌లో భవనాల పనికి పోయాయి. ఒక్కో తలుపు ముందు కెమెరా కదలకుండా నిలబెట్టి, ఆ ఇంటివాళ్లను ఫోన్‌లో ఒకటే అడిగింది: "ఇప్పుడు మీ తలుపు ముందు నిలబడితే ఏమంటరు?" వాళ్లు తమ లంబాడీ మాటలోనే చెప్పి, రికార్డు చేసి పంపారు. తలుపు మీద ఆ గొంతు వినిపించాలి, అంతే.

ప్రసారానికి నాలుగు రోజుల ముందు, ఆ పన్నెండు ఇళ్లవాళ్లలో ఒకడైన భీమ్లా పనిచేస్తున్న భవనం ఆరో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. భార్య కమ్లీ శవంతో తండాకు వచ్చింది. జమున దినాల దాకా మొత్తం కార్యక్రమాన్నే ఆపేసింది.

"ఆ ఒక్కటి తీసేస్తే అయిపాయె గదా" అన్నాడు యుగేందర్.

"ఆయన గొంతు నా దగ్గరుందన్నా. కమ్లీ అక్కను అడగకుండ ఉంచలేను, తీసెయ్యలేను."

దినాలు అయ్యాక ఫోన్ పట్టుకుని కమ్లీ ఇంటికి పోయింది. గడప పక్కన కూర్చుని అవీ ఇవీ మాట్లాడింది. చివరికి కమ్లీయే అడిగింది.

"ఏందే చెల్లె, ఏదో చెప్పనీకి వచ్చినవ్."

జమున చెప్పింది. "వినిపియ్యి" అంది కమ్లీ.

భీమ్లా గొంతు లంబాడీలో తాపీగా వచ్చింది. "గీ తలుపు నేలకు రాకుతది. జర పైకెత్తి తియ్యాలె. ఈసారి వచ్చినప్పుడు కింద చెక్కి సాపు చేస్త."

కమ్లీ మళ్లీ పెట్టమంది. మూడోసారి వింటుంటే ఆమె పెదవి కొద్దిగా వంకరపోయింది.

"ఐదేండ్ల సంది గిదే మాట" అంది. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. జమున ఆమె భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

ఏడుపు తగ్గాక కమ్లీ, జమున తీసిన వీడియోను ఫోన్‌లో చూసింది. అందులో తలుపుకు తాళం ఉంది.

"ఇది అబద్ధం గదా. నేను ఇంట్లనే ఉన్న. తాళం లేదు. మళ్ల తియ్యి."

మర్నాడు పొద్దున జమున కెమెరా నిలబెట్టింది. కమ్లీ తలుపును రెండు చేతులతో పైకెత్తి తెరిచింది. లోపలికి పోయి, మేకపిల్లను చంకన పెట్టుకుని వచ్చి గడపలో కూర్చుంది. కెమెరా వైపు చూడలేదు.

శుక్రవారం పదకొండు తాళాలూ, ఒక తెరిచిన తలుపూ ప్రసారమయ్యాయి. ఈసారి టీవీ చెడిపోయిందని ఎవరూ ఫోన్ చేయలేదు. ఒక్క ఫోన్ మాత్రం వచ్చింది, మహబూబాబాద్ అవతలి తండా నుంచి. టీక్యా అనే ముసలాయన.

"బిడ్డా, నా కొడుకు కోడలు పుణెల ఉన్నరు. వాళ్ల మాట గూడ గట్ల పట్టి ఉంచుతవా?"

"ఉంచుత బాపు" అంది జమున.

ఇప్పుడామె శుక్రవారం కోసమే కాక, అడిగిన ప్రతి ఇంటికీ తిరుగుతోంది. రికార్డు మొదట్లోనే మనిషి పేరు, తండ్రి పేరు, తండా పేరు వాళ్ల నోటితోనే చెప్పిస్తుంది. అవన్నీ ఎప్పుడు ప్రసారం చేస్తావని యుగేందర్ అడగడం మానేశాడు. దాచుకోవడానికి ఇంకో హార్డ్ డిస్క్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి వెళ్లాడు.