మిద్దె మీద నిలబడ్డ మనిషి

మా ఆయన రాజం, నస్పూర్‌లో పెళ్లిళ్లకు ప్రొజెక్టర్లు కిరాయికి ఇచ్చేవాడు. కరీంనగర్ బయట విమానం నడపడం నేర్పే కేంద్రం ఒకటుంది. అక్కడ ఉన్నది నేల విడిచి లేవని ఉత్తుత్తి విమానం. దాని ముందున్న తెర మీద ఊళ్లు, రన్‌వే నిజంలా కనిపించాలి. ఆ బొమ్మ వేసే పాత యంత్రం చెడిపోతే దాని సామాన్లు ఎక్కడా దొరకలేదట. మా ఆయన తన పెళ్లి ప్రొజెక్టర్లు మూడు, పిల్లలు ఆటలాడే కంప్యూటర్లు మూడు పెట్టి నడిపించాడు. మూడు బొమ్మల అంచులు అతుకు కనబడకుండా కలిసేదాకా మా ఇంట్లో దుప్పటి మీద పదిహేను రోజులు వేసి చూసుకున్నాడు.

ఆ బొమ్మలో నస్పూర్‌ను కూడా పెట్టాడు, మా మిద్దెతో సహా. ఎత్తులు సరిపోయాయో లేదో చూడటానికి మిద్దె మీద తన ఫోటో నిలబెట్టి, తీయడం మరిచాడు. మార్చిలో గుండె ఆగి పోయాడు. మూడో రోజు పెట్టిన మెతుకులను పిట్ట ముట్టలేదు. వాని పానం ఎక్కడో చిక్కుకుందని మా అత్త రామవ్వ ఏడ్చింది.

నెల తిరగకముందే అక్కడ నేర్పే సుధాకర్ సారు ఫోన్ చేశాడు. ఏ దిక్కు నుంచి దిగినా మిద్దె మీది మనిషి తమనే చూస్తున్నాడని నేర్చుకునేవాళ్లు పరేషాన్ అవుతున్నారట.

"తీసేస్తమక్కా. గని నీకు సూపియ్యకుంట తీసుడు మనసొప్పుతలేదు" అన్నాడు.

మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "తియ్యనియ్యకు బిడ్డా. నా కొడుకు గక్కడనన్న ఉండనియ్యి."

ఏం చెప్పాలో తేలకుండానే వెళ్లాను. చీకటి గదిలో సీటులో కూర్చోబెట్టారు. కింద గోదారి, గనుల మట్టిగుట్టలు, మా వాడ. మిద్దె మీద నీలం చొక్కాతో ఆయన. నన్నే చూస్తున్నాడు.

"ఎనుక నుంచి తీస్కపొండ్రి సారూ."

సారు విమానాన్ని మిద్దె చుట్టూ తిప్పాడు. ఆయన కూడా తిరిగాడు. అది అట్టముక్కలాంటి బొమ్మేనని, చూసేవాళ్ల వైపు దానంతటదే తిరుగుతుందని, చెట్లు కూడా అంతేనని సారు చెప్పాడు. విన్నాను.

సరిగ్గా మిద్దె పైకి తీసుకెళ్లమన్నాను. సారు విమానం ముక్కు నిలువునా కిందికి వంచి, గాలిలోనే ఆపేశాడు. ఆయన సన్నబడి, సన్నబడి, దారప్పోగంత అయి మాయమయ్యాడు. నీళ్ల ట్యాంకు ఉంది, దండెం ఉంది. మనిషి లేడు.



"ఇంకోపారి ముంగట నుంచి సూస్తవా అక్కా?"

"వద్దు సారూ. మళ్ల నన్ను సూస్తడు. గిట్ల లేనప్పుడే తీసేయుండ్రి."