బర్రె వచ్చింది, డ్రోన్ పోయింది

ఆ రోజుల్లో ఆకాశమంతా దేవుడిదేనని నమ్మేదాన్ని. అందులో కొంత ముక్క మిలిటరీదని, అది ఫోన్ తెర మీద ఎర్రగా కనిపిస్తుందని పెళ్లి వీడియోల స్టూడియోలో పనికి కుదిరాకే తెలిసింది. (నేను బడికి పోలేదు; నాకు బడీ, పంతులూ, బెత్తమూ అన్నీ కన్న బాపే.) పాతబస్తీ జహనుమాలో బర్రెలు కాసుకునే ఇంటి పిల్ల చేతికి, స్టూడియో అన్న ఎగిరే కెమెరా ఇచ్చాడు. ఆ పని నిలబెట్టమని రోజూ దీపం పెట్టి మొక్కేదాన్ని.

తెల్లారితే మలక్‌పేటలో పెళ్లి ఉందని అన్న డ్రోన్‌ను ముందురోజే నాకు అప్పగించాడు. సరిగ్గా ఆ సాయంత్రమే మా చూడి బర్రె మా వాడ పక్కనున్న మిలిటరీ గోడ సందులోంచి లోపలికి దూరింది. అక్కడ గేటు కాసే మామ మా దగ్గరే పాలు పోయించుకునేవాడు. మా ఇంట్లో సర్కారంటే ఆయనే.

"మామా, లోపటికి పోయి దేవులాడుకోనా?"

"నా నౌకరీ పోతది బిడ్డా."

"మరి డ్రోన్‌తోని పైకెళ్లి చూస్త."

"పైకెళ్లి అయితే నాదేం పోతది? రెండు నిమిషాలు చూస్కో. ఫికర్ చెయ్యకు."

తెర ఎర్రబడింది. మామ మాట ఉండగా ఫోన్ మాట ఎవరు వింటారు? తుమ్మచెట్టు కింద బర్రె తీరిగ్గా నెమరేస్తూ కనబడింది. మనసులోనే దండం పెట్టుకున్నాను (రెండు చేతుల్లో రిమోట్ ఉంది మరి). ఆ దండం పూర్తికాకముందే పోలీసు జీపు వచ్చింది.

ఠాణాలో ఎస్సై, "మిలిటరీ జాగా మీద ఎగరేయాలంటే పై నుంచి కాయితం కావాలె. నీకు ఎవరిచ్చిండ్రమ్మా?" అని అడిగాడు. గేటు మామ అన్నాను. పిలిపించారు. "ఈ పిల్ల ఎవరో నాకు తెల్వది సార్" అన్నాడు, పొద్దున మా పాలతో చాయ్ తాగిన నోటితోనే. నన్ను మందలించి వదిలారు, డ్రోన్‌ను వదల్లేదు. బయట స్టూడియో అన్న, "రేపటి పెళ్లికి ఏం మొఖం వెట్టుకొని పోవాలె? ఇగ నువ్వు రాకు చెల్లె" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు.

ఇంటికి వచ్చేసరికి బర్రె నాకన్నా ముందే వచ్చి గడ్డి తింటోంది. దానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు. "బర్రె దక్కింది, దేవునికి మొక్కు బిడ్డా" అంది అమ్మ. మొక్కాను.

నెల తిరగకుండానే బర్రె ఈనింది. జున్నుపాలు ముందు వాడుక ఇళ్లకు పంపడం అమ్మ ఆనవాయితీ. గేటు దగ్గరికి గిన్నె మోసుకుపోయింది నేనే. "మంచిగున్నవా బిడ్డా" అన్నాడు మామ. జున్నుపాలు చూడగానే గుర్తుపట్టాడు.

"మీ దయ మామా" అన్నాను.

అంత వినయంగా జవాబిచ్చిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పక్కనుంటే మాత్రం ఒక మొట్టికాయ వేసేదాన్ని.