వీధంతా టీవీలు కట్టేసిన సాయంత్రం

మొన్న తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట్లో మనవరాలు ఫోనులో ఏదో కొత్త సిరీస్ చూపిస్తూ, ఇలాంటి కథ ఇంతవరకు ఎక్కడా రాలేదని ఒకటే ఊరించింది. కాసేపు చూశానో లేదో గుర్తుపట్టేశాను. పేర్లు వేరు, బట్టలు వేరు, ఊరేదో విదేశం. పొద్దుగూకే వేళ భర్తను పంపి గుమ్మంలో నిలబడ్డ ఆ పిల్లను మాత్రం నేను చిన్నప్పుడు విన్న కొల్లేటి కథలోంచే ఎరుగుదును. అంతకుముందు ఆమెను చూసింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కొల్లేటి ఒడ్డున మా పిన్ని ఇంట్లో, టీవీ సీరియల్లో.

ఆ సీరియల్లో ఆమె పట్టుచీరతో నిద్రలేచేది, నగలతోనే పడుకునేది. భర్తకు దోనె పడవ బదులు కారు ఇచ్చారు. అయినా మా పిన్ని మొదటి వారంలోనే అది మన కొల్లేటి కథేనని తేల్చేసింది. అత్తగారు కొడుకును అన్నం తిననివ్వకుండా పంపడం దగ్గర్నుంచి అన్నీ ముందే చెప్పేది. రేపేమవుతుందండీ అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు వస్తే, కాఫీ కలుపుతూ, సీరియల్ తానే రాస్తున్నంత బింకంగా చెప్పేది. ముగింపు మాత్రం చెప్పేది కాదు. పాత కథలో భర్త కొల్లేట్లో నిలువెత్తు పెరిగే కిక్కిసగడ్డిలో దారి తప్పుతాడు, ఖాళీ దోనె ఒక్కటే ఒడ్డుకు వస్తుంది. ఇంటి మగవాడు నీళ్ల మీద ఉండగా ఆ ముక్క మావాళ్లు నోటితో పలకరు. వెనకటి రోజుల్లో కథలు చెప్పే ముసలాయన కూడా ఊరి దోనెలన్నీ తిరిగొచ్చాయని రూఢి చేసుకుని గాని చివరి భాగం ఎత్తుకునేవాడు కాదట. ఒక్కటి రాకపోయినా అక్కడితో ఆపేసి, పెట్టిన బియ్యం మూటగట్టుకుని వెళ్లిపోయేవాడట. ఈ సంగతి టీవీవాళ్లకు ఎవరు చెబుతారు?

ఒకరోజు తమ్మిలేరు వాగు పొంగి కొల్లేట్లో నీళ్లు పెరుగుతున్నాయి. వలలు తీసుకొస్తానని మధ్యాహ్నం దోనె మీద వెళ్లిన బాబాయి చీకటి పడ్డా రాలేదు. వానకు ఏలూరు బస్సు రాక నేనూ అక్కడే చిక్కుకున్నాను. సీరియల్ మొదలైంది. వంతెన మీద కారు, తలుపులు తీసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరు. పిన్ని లేచి నిలబడింది.

"కట్టెయ్యవే అమ్మాయ్. మీ బాబాయింకా నీళ్ల మీదే ఉన్నారు."

కట్టేశాను. కానీ అదే సంగీతం పక్కింట్లోంచి, ఎదురింట్లోంచి, వీధి పొడుగునా వినిపిస్తూనే ఉంది. బళ్లో పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, అయినా లేచి కిటికీ రెక్కలు మూసేశాను. పిన్ని కొంగు నెత్తిన వేసుకుని వానలోనే బయల్దేరి, ఏవండీ, కాస్త కట్టెయ్యండీ అని ఇంటింటికీ వెళ్లి బతిమాలింది. ఎవరూ నవ్వలేదు, ఎందుకని అడగలేదు. ఒక్కో ఇల్లూ సద్దుమణిగి, చివరికి వాన చప్పుడు మాత్రమే మిగిలింది. ఆ నిశ్శబ్దానికి మా ఇద్దరికీ కొంచెం ధైర్యం కూడా వచ్చింది. అలాగే గుమ్మంలో కూర్చున్నాం.

చాలాసేపటికి బాబాయి వచ్చాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పిన్ని చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లకు అంటిన బురద కడగసాగింది. అరుగు మీద కూలబడి ఊపిరి తీసుకున్నాక ఆయన అన్నాడు.

"ఇవాళ వీధిలో టీవీలన్నీ ఏమయ్యాయే? వానలో దీపాలు కనబడవు, ఆ మోత పట్టుకునే కదా రోజూ ఒడ్డుకొచ్చేది. ఏమీ వినపడక గడ్డిలో పడి ఎటో పోయాను. చర్చిలో ప్రార్థనకి మైకు పెట్టబట్టి బతికాను."

పిన్ని చెయ్యి ఆయన పాదం మీదే ఆగిపోయింది. ఆయన రాకముందు లేనంత భయం నాకు అప్పుడు వేసింది. తాతలనాటి భయానికి తాతలనాటి జాగ్రత్తే తీసుకున్నాం. ఈలోగా కాలం ఒడ్డు గుర్తులు మార్చేసిందని మాకెవరికీ తెలియలేదు.