మా కోడలి ఎస్సేలో నా గొప్పలు

మనవరాలా, సిరీ, ఆ ఫోన్ పక్కన పెట్టి సరిగ్గా కూర్చుని విను. నేను చెప్పింది చెప్పినట్టే ల్యాప్‌టాప్‌లో టైప్ చెయ్యి, పత్రికకి పంపాలి.

మేముండేది అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్లో. పోయినేడాది మీ అమ్మ, అంటే నా కోడలు స్వాతి, ఎంబీఏకి అప్లై చేసింది. కాలేజీకి పంపే ఏ ఎస్సేలో ఏ సంగతి రాయాలో రంగు చీటీల మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది. ‘నాకు నాయకత్వం నేర్పిన మనిషి’ అన్న చీటీ మీద నా పేరుంది! ఒంగోలులో నేనొక్కదాన్నే మెస్ నడిపానట. కొత్త కోడలి ముందు గొప్పకి నేను చెప్పిన మాటే అది. నిజంగా నడిపింది మా తోటికోడలు కామేశ్వరక్క. నేను కూరలు తరిగానంతే.

పంపాల్సిన రోజు నాకు కాలు నిలవలేదు. తుడిచిన గట్టే మళ్లీ తుడిచాను. పోపు మాడ్చాను.

“ఏంటత్తయ్యా, నాకన్నా మీకే టెన్షన్! ఇదిగో, సబ్మిట్ కొట్టేస్తున్నా.”

“కొట్టకమ్మా!” అని అరిచాను. అంతా చెప్పేశాను.

స్వాతి మొహం ఎర్రబడింది. “అయిదింటికి డెడ్‌లైన్. ఇప్పుడా చెప్పేది?” అంది. కాసేపటికి నా పేరు చెరిపేసి, “సరే, పెద్దత్తయ్య గురించి చెప్పండి. ఈసారి నిజం మాత్రమే” అంది.

జన్మలో నేనెన్నడూ ఒక్క మంచిమాట అనని అక్కని గంటసేపు పొగిడాను. చెబుతుంటేనే తెలిసింది, అక్క ఎంత కష్టపడిందో. స్వాతికి సీటొచ్చింది. కానీ అక్కకి ఇదేమీ తెలియదు. పత్రికలో చదివే లోపు నేనే ఫోన్ చేసి, అక్కా, నన్ను...

“అత్తయ్యా, అన్నం చల్లారిపోతోంది, రండి!”