వార్నిష్ వేయని కొస

పేరయ్య చిత్రిక పట్టిన చెక్క మీద వాలితే ఈగైనా జారిపడుతుందని బహ్రెయిన్‌లోని సల్మాబాద్ క్యాంపులో చెప్పుకునేవారు. ఈ మాట మొదట ఎవరన్నారని ఆరా తీస్తే పేరయ్యే అన్నట్టు తేలుతుంది. అయినా అందులో అబద్ధం లేదు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి హెల్పర్ వీసా మీద వచ్చి, నాలుగేళ్లు సిమెంటు బస్తాలు మోసి, మెల్లగా మళ్లీ ఉలి చేతికి తెచ్చుకున్న మనిషి. ఇప్పుడు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, తన సొంత పనులకు అతన్ని తప్ప ఇంకొకరిని పిలవడు. మాటలు రికార్డు చేసి ఇంటికి పంపే క్యాసెట్లలో బిడ్డల చదువు అడగడం మరిచిపోయినా పేరయ్య ఈ సంగతి చెప్పడం మాత్రం మరిచిపోడు.

సౌదీకి వంతెన తెరిచిన ఆ చలికాలంలో కఫీల్ కర్జకాన్‌లోని తన తోటలో చెక్క పందిరి వేయమన్నాడు. వంతెన దాటి చుట్టాలు శుక్రవారం వస్తారట, అప్పటికల్లా పని ఖలాస్ కావాలట. పేరయ్య దూలాలు కోశాడు. బోల్టులకు కన్నాలు లచ్చన్న వేశాడు. లచ్చన్నది పేరయ్యకు పక్క ఊరే. వర్క్‌షాపులో డ్రిల్లు మిషను అతని చేతిలోనే ఉంటుంది. గురువారం సాయంత్రానికి కనబడే చోటల్లా రెండు పూతల వార్నిష్ పడింది. గోడవైపు తిరిగిన దూలాల కొసలు మిగిలిపోయాయి. అక్కడికి ఎవరి కన్నూ పోదులే అనుకుని పేరయ్య బ్రష్ కడిగేశాడు.

తుమ్మెద కన్ను అక్కడికే పోయింది. వరసకు అది తేనెటీగల చుట్టమే గానీ, ఆ చుట్టాల్లాగా వేల మందితో పట్టు పెట్టుకుని రాణి కింద చాకిరీ చేయడం దానికి పడదు. తన బతుకు తనది. ఎండిన చెక్క దొరికితే పళ్లతో తొలిచి సొరంగం చేస్తుంది, పుప్పొడి ముద్ద పెట్టి దాని మీద గుడ్డు పెడుతుంది, చెక్కపొట్టుతో అడ్డుగోడ కట్టి పక్కగది మొదలుపెడుతుంది. ఇంత కష్టపడి మనుషులకు ఒక్క చుక్క తేనె ఇవ్వదు. పూత పూసిన చెక్క జోలికి మాత్రం సాధారణంగా పోదు.

మార్చిలో ఒక మంగళవారం కఫీల్ పందిరి కింద కూర్చుని కాఫీ తాగుతుంటే కప్పులో చెక్కపొట్టు రాలింది. తలెత్తి చూస్తే దూలాల కొసల్లో ఏడు కన్నాలు, కొలిచి వేసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఆయన వర్క్‌షాపు నుంచి మిషను తెప్పించి బోల్టు కన్నాలకు వాడిన పన్నెండో నంబరు బిట్ దూర్చి చూశాడు. సరిగ్గా పట్టింది. ఇంకేం కావాలి? పోయిన నెల సెలవు అడిగితే ఇవ్వలేదన్న కసితో లచ్చన్నే వేశాడని తేల్చేశాడు. శనివారం వీసా క్యాన్సిల్, ఆదివారం విమానం. లచ్చన్న వచ్చి పద్నాలుగు నెలలే అయింది. ఏ మొహం పెట్టుకుని ఊళ్లో దిగాలో తెలియక అన్నం మానేశాడు.

కన్నాల సంగతి వినగానే పేరయ్యకు తెలిసిపోయింది. ఊళ్లో అతని తండ్రి ప్రతి వాసానికీ కానుగ నూనె పట్టించి, తుమ్మెద తొలుస్తుందని కొసలకు రెండోసారి రాసేవాడు. అయితే తుమ్మెద పని అని చెప్పి ఊరుకుంటే కుదరదు, కొసలకు వార్నిష్ వేయలేదని కూడా చెప్పాలి. ఆ రెండో మాట పేరయ్యకు నోట్లోంచి రాలేదు. మంగళవారమే చెబుదామనుకున్నాడు గానీ పని ఎక్కువగా ఉంది. బుధవారం తలనొప్పి వచ్చింది. గురువారం నిజంగానే చెప్పబోయాడు. అప్పుడు లచ్చన్న ఏడుస్తున్నాడు. ఏడ్చే మనిషిని కదిలించడం బాగుండదని ఊరుకున్నాడు.

శుక్రవారం, పాడైన దూలాలు విప్పడానికి ఇద్దరినీ పికప్‌లో కర్జకాన్ తీసుకుపోయారు. లచ్చన్న నిచ్చెన పట్టుకున్నాడు, పేరయ్య ఎక్కాడు. స్పానర్ బోల్టుకు తగిలించాడో లేదో, చెవి పక్క నుంచి ద్రాక్షపండంత తుమ్మెద ఝుమ్మంటూ వచ్చి కన్నంలో దూరింది. నల్లటి ఒళ్లు, వీపు మీద పసుపు నూగు.

"అన్నా, తుమ్మెద! తుమ్మెదనే!" అని లచ్చన్న కింద నుంచి అరిచి, కఫీల్ వైపు తిరిగాడు. "అర్బాబ్, ఏ దేఖో! హమ్ నై, ఏ కియా!"

కఫీల్ వచ్చి చూశాడు. ఆయన అరిచే మనిషి కాదు. తనకొచ్చిన హిందీలో నింపాదిగా అన్నాడు. "కన్నం వేసింది నువ్వు. ఖాళీగా ఉంది కాబట్టి అది కాపురం పెట్టింది. నా తోట నిండా చెక్క తలుపులే. ఒక్క తలుపునైనా తొలిచిందా?"

లచ్చన్న తలుపుల వైపు చూశాడు, కన్నం వైపు చూశాడు. తుమ్మెద వచ్చి సాక్ష్యం చెప్పలేదు. అతను నిచ్చెన మెట్టుకు తల ఆనించాడు, ఆ కుదుపు పైన పేరయ్య అరికాళ్లకు తెలిసింది. పేరయ్యకు చచ్చేంత సిగ్గేసింది. అతనికి హిందీ అంతంత మాత్రమే. నీళ్లు నమలడానికి సరిపడా మాటలు లేవు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"తలుపుకు వార్నిష్ ఉంది, అర్బాబ్. ఈ కొసలకు లేదు. వేయనిది నేనే."

కఫీల్ పేరయ్యను దిగమని తానే నిచ్చెనెక్కాడు. కొసను వేలితో రుద్దాడు, వేలు చూసుకున్నాడు. దిగి వచ్చి లచ్చన్న భుజం తట్టి, రేపటి నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. పేరయ్యను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత తన సొంత పనికి ఎన్నడూ పిలవనూ లేదు. పందిరి ఇనుప గొట్టాలతో వేయించుకున్నాడు.

పికప్ వెనక కూర్చుని లచ్చన్న సగం దారి నవ్వుతూనే ఉన్నాడు. తుమ్మెదకు రెండుసార్లు దండం పెట్టాడు. సల్మాబాద్ దగ్గర పడుతుండగా నవ్వు ఆగింది.

"అన్నా, గది తుమ్మెద పనని నీకు ఎప్పుడు తెల్సింది?"

"మంగళారం."

లచ్చన్న వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. "మంగళారం తెల్సింది," అన్నాడు తర్వాత. "నిన్న ఊరికి పోనీకి సదురుకున్న నా డబ్బాకు తాడు గట్టింది నువ్వే గదనే?"

పేరయ్య అవునన్నాడు. "పేరు పోతదని బుగులైంది లచ్చన్నా," అన్నాడు.

క్యాంపుకు వచ్చాక ఇద్దరూ ఆ అట్టడబ్బా ముందు కూర్చుని ముడి విప్పబోయారు. పేరయ్య కట్టిన ముడి, ఎంతకీ వదులు కాలేదు. చివరికి లచ్చన్న ఉలి అడిగి తీసుకుని తాడు కోసేశాడు.