బరువైన వస్తువులు

ఆమెను కోర్టులో అందరూ సామాన్లమ్మ అనేవారు. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. కేసుల్లో పోలీసులు పట్టుకొచ్చిన వస్తువుల్ని తీర్పు వచ్చేదాకా దాచే గది ఒకటి మెట్ల కింద ఉండేది. ఇరవై ఆరేళ్లుగా దాని తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతోంది. వస్తువు రాగానే చీటీ రాసి, పురికొసతో కట్టి, అరలో పెట్టేది. కేసు పిలిచినప్పుడు హాల్లోకి తీసుకెళ్లి బల్ల మీద ఉంచేది.

కొత్తగా వచ్చిన ప్లీడర్లు ఆ గదిని గురించి ఏదేదో ఊహించుకుని, ఒకసారి చూపించమని వెంటపడేవారు.

"తుపాకులు ఇన్నేళ్లలో మూడే చూశాను బాబూ. అందులో ఒకటి పేలదు," అనేదామె.

తాతల నాటి కత్తి కూడా ఒకటుండేది. నాదంటే నాదని దానికోసం ఇద్దరన్నదమ్ములు తన్నుకున్నారు. తుప్పు పట్టి అది ఒరలోంచి రాకపోయేసరికి కుర్చీలతో కొట్టుకున్నారు. మిగతా అరల నిండా ఇళ్లల్లో ఉండేవే: ఇస్త్రీ పెట్టెలు, కుక్కరు మూతలు, పీటలు, బెల్టులు, కరెంటు వైర్లు. డాక్టరు బోనెక్కి "ఈ వస్తువుతో ఇలాంటి దెబ్బ తగలొచ్చు" అని చెబుతుంటే పక్కన నిలబడి వినీ వినీ, దెబ్బ చూస్తే వస్తువేదో ఆమెకి తెలిసిపోయేది. మొగుడూ పెళ్లాల కేసుల్లో ఇంకో సంగతి కూడా గమనించింది. ఇనుము మొదటే రాదు. ముందు మెత్తనివి వస్తాయి. తర్వాత కర్ర. ఇనుము ఆ తర్వాత. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఆమెను అడిగిందెవరు?

తల్లి పోయేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్లు. తన పెళ్లి మాట ఎత్తకుండా ఆమే పెంచి, చదివించి, నాలుగేళ్ల కిందట మందుల షాపు అతనికిచ్చి చేసింది. మరిది బహు నెమ్మది. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముసలివాళ్లకి రెండుసార్లు ఓపిగ్గా చెప్పి పంపుతాడని పేరు. చెల్లెలు అదృష్టవంతురాలని ఆమెతో అనని మనిషి లేడు.

ఒక ఆదివారం పొద్దున చెల్లెలు వచ్చింది. పైఅరలో గిన్నె అందుకోబోతే జాకెట్టు చెయ్యి పైకి జరిగింది. భుజం కింద రెండు గీతలు, పక్కపక్కనే, చివర వంపు తిరిగి కలుసుకున్నాయి. వైరు మడిచి కొడితే పడే గుర్తు అది.

"ఏమిటది?"

"తలుపు తగిలిందక్కా."

"తలుపు తగిలితే ఒక గీతే పడుతుంది."

చెల్లెలు గిన్నె కింద పెట్టి చెయ్యి కప్పుకుంది. "రోజంతా ఆ గదిలో కూర్చుని కూర్చుని నీ కళ్లు పాడయ్యాయి. నీకు ప్రతివాడూ ముద్దాయిలాగే కనిపిస్తాడు," అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. తర్వాత ఎంత బతిమాలినా నోరు విప్పలేదు.

నాలుగు రోజులు సామాన్లమ్మకి అన్నం సయించలేదు. అయిదో రోజు సెలవు పెట్టి, చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్లింది. మరిది భోజనానికి వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. ఎదురొచ్చి గొడుగు అందుకున్నాడు. టీ నేనే పెడతానన్నాడు. ఇల్లు అద్దంలా ఉంది.

వంటింట్లో చెల్లెలు నేల మీద కూర్చుని వంకాయల్ని చేత్తో విరుస్తోంది.

"కత్తిపీట ఏదే?"

ఆమె అరలన్నీ కలయజూసింది. కత్తిపీట లేదు, చాకు లేదు, రోకలి లేదు. ఎప్పుడూ కిటికీలో ఉండే ఇస్త్రీ పెట్టె లేదు. బరువున్నదీ, పదునున్నదీ ఏ ఒక్కటీ కంటికి కనిపించలేదు. చెల్లెలు తలెత్తి ఒక్క చూపు చూసింది. పెదవులు కదిలీ కదలకుండా, "మంచం పెట్టెలో," అంది.

సామాన్లమ్మకి అప్పుడు అర్థమైంది. పిచ్చిపిల్ల పోలీసుల దగ్గరికి పోలేదు, అక్క దగ్గర ఏడవలేదు. ఇంట్లోని ఇనుమంతా ఏరి పక్కబట్టల కింద దాచుకుంది.

మరిది టీ గ్లాసు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"మీ చెల్లెలికి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది వదినగారూ. ఏ వస్తువూ పెట్టినచోట ఉండదు. మేకు కొట్టుకుందామని సుత్తి కోసం మూడు రోజులుగా వెతుకుతున్నాను."

"కొత్తది కొనుక్కోకపోయారా?"

"ఇంట్లో ఉండగా ఎందుకండీ? ఎక్కడికి పోతుంది? నెమ్మదిగా వెతుకుతాను."

చెల్లెల్ని రెండు రోజులు నాతో పంపండి అని అడిగింది. వచ్చే వారం చూద్దామన్నాడు. అయితే నేనే ఉంటాను అంది. మీ ఇల్లే కదా, ఉండండి అన్నాడు.

షాపు తెరిచే వేళ దాటిపోయింది. అతను కదల్లేదు. ముందుగదిలో సొరుగులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. లాగి, చూసి, చప్పుడు కాకుండా మూసేవాడు. అక్కాచెల్లెళ్లు మంచం మీద పక్కపక్కన కూర్చుని ఆ చప్పుడు కాకపోవడాన్నే వింటున్నారు. బీరువా అయింది. పుస్తకాల అర అయింది. వాళ్లున్న గదిలోకి వచ్చి, కిటికీ కింది డబ్బాలు చూసి, మంచం దగ్గర ఆగాడు.

"కాస్త లేస్తారా వదినగారూ, ఇందులో చూడాలి."

చెల్లెలు అక్క మణికట్టును పట్టుకుంది. ఆమె లేవలేదు.

"నేను కోర్టులో ఏం చేస్తానో తెలుసా మీకు?"

"సామాన్లు చూసుకుంటారు."

"దాని చేతి మీది గుర్తు ఏ వస్తువుదో నాకు తెలుసు. ఆదివారం చూశాను. తేదీ వేసి, రాసి, సంతకం పెట్టి, మా జడ్జిగారి గుమస్తాకి కవరు ఇచ్చొచ్చాను. సాయంత్రంలోగా నేనూ ఇదీ ఆయనకి కనిపించకపోతే ఆ కవరు విప్పుతాడు."

అంతా అబద్ధం. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఆమె చేతికి దొరికింది ఆ మాట ఒక్కటే.

అతను చాలాసేపు ఆమెను చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. లెక్క వేసుకుంటున్నట్టు ఉంది.

"టీ చల్లారిపోయింది, తాగనే లేదు మీరు," అన్నాడు చివరికి, పక్కకు జరుగుతూ.

కట్టుబట్టలతో బయటపడ్డారు. వీధి మలుపు తిరిగేదాకా చెల్లెలు అక్క చెయ్యి వదల్లేదు.

తర్వాత అతను గొడవ చెయ్యలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. నాలుగు నెలల పాటు వారానికి రెండు రోజులు కోర్టు గేటు ఎదురుగా నిలబడి, ఆమె కనబడగానే దణ్ణం పెట్టి, "కులాసానా వదినగారూ," అని వెళ్లిపోయేవాడు. ఒకసారి ఉత్త చేతులతోనే ఉన్నానని చూపిస్తున్నట్టు అరచేతులు రెండూ విప్పి నవ్వాడు. ప్లీడరు ఆమెకు సలహా ఇచ్చాడు: కొట్టాడని కేసు పెడితే ఏళ్లు పడుతుంది, ఇద్దరూ ఇష్టపడి విడిపోయామని రాసుకుంటే పీడ తొందరగా వదులుతుంది. పీడ వదిలితే చాలనుకున్నారు. కాగితంలో దెబ్బల మాట లేకుండా ఇద్దరూ సంతకాలు పెట్టారు. అతను షాపు అమ్మేసి ఎక్కడికో వెళ్లిపోయాడు. చెల్లెలు బట్టల దుకాణంలో పనికి కుదిరింది. నెమ్మదిగా మనిషి తేరుకుంది.

ఏడాదిన్నర తర్వాత తెలిసినవాళ్లు ఊరి పేరుతో సహా చెప్పారు, అతనికి మళ్లీ పెళ్లి కుదిరిందని. ఈసారి ముందు లేచింది చెల్లెలే.

"పద అక్కా. ఆ పిల్లకి చెప్పాలి."

ఆరు గంటలు బస్సులో వెళ్లారు. పిల్ల తండ్రి రిటైరైన ఉద్యోగి. మర్యాదగా కూర్చోబెట్టి చివరిదాకా విన్నాడు. చెల్లెలు ఏదీ దాచకుండా చెప్పింది. అంతా అయ్యాక ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అడిగాడు.

"రాతలో ఏమన్నా ఉందామ్మా? ఫిర్యాదు గానీ, డాక్టరు కాగితం గానీ?"

సామాన్లమ్మ జీవితమంతా చీటీలు రాసిన మనిషి. చెల్లెలికోసం మాత్రం ఒక్క చీటీ రాయలేదు.

"విడాకుల కాగితం మాకూ చూపించాడు," అన్నాడు పెద్దాయన. "ఇద్దరూ ఇష్టపడే అని ఉంది. మీ గురించి ఒక్క మాట కూడా తూలలేదు తల్లీ. చాలా నెమ్మదైన మనిషి."

వచ్చేస్తుంటే ఆ పిల్ల మంచినీళ్లు ఇవ్వడానికి వచ్చింది. ఇరవై మూడేళ్లుంటాయి. చెల్లెలు ఖాళీ గ్లాసుతో పాటు ఫోన్ నంబరు రాసిన కాగితం ఆమె గుప్పిట్లో పెట్టింది. ఆ పిల్ల తీసుకుంది గానీ ఏమీ అడగలేదు.

పెళ్లయి ఎనిమిది నెలలైంది. ఆ పిల్ల దగ్గర్నుంచి ఇంతవరకూ ఫోను రాలేదు. రాకపోవడం మంచికో కాదో అక్కాచెల్లెళ్లకి తెలియడం లేదు. కొత్త నంబరు ఏది మోగినా ఇద్దరూ చేతిలో పని వదిలేసి లేస్తారు.