కరుణశ్రీ కొలిచిన మా ఊరి నీళ్లు

ధర్మయ్య నోటికి ఎదురు నిలిచి గెలిచినవాళ్లను నా బతుకులో ఇద్దరినే చూశాను. ఒకరు నేను. రెండో మనిషి కరుణశ్రీ టీచర్.

ఆ రోజు ఆమె బడి పిల్లలను వెంటబెట్టుకొని మా వెనక గల్లిలో ఉన్న ధర్మయ్య బావి దగ్గరికి వచ్చింది. రాయి కట్టిన తాడును బావిలోకి వదిలి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడాలని వచ్చింది. ధర్మయ్య వాకిట్లో పసుపు ఉడుకుతోంది. ఆయన ఆ ఆవిరిలోంచి బయటికొచ్చి గిరకకు అడ్డం నిలబడ్డాడు.

“బాయిని కొలువద్దు. కొలిస్తే ఊటకు దిష్టి తగుల్తది. మా తాత చెప్పిండు.”

“మీ తాత గీ బాయి తవ్విచ్చిననాడు కొలువకుంటనే కూలి ఇచ్చిండా పెదనాయినా?”

“గది తవ్వేటప్పటి ముచ్చట. ఇప్పుడు నీళ్లు పడ్డయి.”

“నీ పసుపు గూడ పండినంకనే మార్కెట్ల కాంటా మీద పెడ్తరు గద. దానికి తగులని దిష్టి నీళ్లకెట్ల తగుల్తది?”

“తగులుతది. మొన్న గూడ తక్కువ తూగింది.”

“గట్లయితే గది దిష్టి గాదు పెదనాయినా, కాంటా. నడువు, ముందుగాల దాన్నే కొలుద్దాం.”

పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ధర్మయ్య మీసం కూడా కదిలింది. పక్కకు జరిగాడు. నేనైతే ఆ జరిగిన జాగాలో నిలబడి ఇంకో నాలుగు మాటలు అని వచ్చేదాన్ని. కరుణశ్రీ మాత్రం తాడు తీసి ఆయన చేతికే ఇచ్చింది. “నీ బాయి, నువ్వే కొలువు” అన్నది. ఆయన తాడు వదిలి, రాయి నీళ్లను తాకిన చప్పుడు విని, పైకి లాగి మూరలు కొలిచాడు. కొలుస్తున్నంతసేపూ పెండ్లికొడుకు లాగా నిటారుగా నిలబడ్డాడు.

కరుణశ్రీది మాక్లూరు దిక్కు. వాళ్ల తల్లి భీమవ్వ పసుపు రోజుల్లో ఉడికించే పనికి మా ఊరు ఆర్మూరుకు వచ్చేది. పిల్ల ఆ కడాయిల పక్కనే గోనెసంచుల మీద పడుకొని పెరిగింది. తెల్లవారుజామున ఆవిరి కమ్ముకొని ఊరి పక్క గుట్ట మాయమయ్యేదట. కాసేపటికి ఎండ పొడిచి, మొదట గుట్ట మీది పెద్ద బండలు, తర్వాత చెట్లు, ఆ తర్వాత ఇళ్లు ఒక్కొక్కటే తేలి వచ్చేవట. “ఊరిని ఎవరో రోజూ కొత్తగ గీస్తున్నరనుకునేదాన్ని అవ్వా” అని చెప్పేది. నేనూ ఆ ఆవిరిలోనే బతికాను. నాకు కళ్లు మండాయి తప్ప ఊరు తేలడం ఎన్నడూ కనబడలేదు. ఆ పిల్ల చెప్పిన తర్వాత ఒకనాడు లేచి చూశాను. నిజమే, తేలుతుంది.

ఆమె చదువుకొని విద్యా వాలంటీరుగా మా బడికి వచ్చింది. మా ఇంటి ముందర గదిలోనే ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకొని చర్చికి పోయేది. మిగతా రోజులు బడిలో సోషల్ చెప్పేది. నేను చదివింది రెండో తరగతి దాకానే, కాని ఆ రెండూ గట్టిగా చదివాను కాబట్టి ఆమె పుస్తకం తీసి చూశాను. దాంట్లో ఎక్కడెక్కడివో నదులు ఉన్నాయి.

“మా బాయి లేదేందే దీంట్ల?” అని అడిగాను.

“లేదవ్వా. మనమే రాసుకోవాలె” అన్నది.

రెండు వేల మూడో సంవత్సరం అది. వానలు మొహం చాటేసి చాలా రోజులైంది. మా గల్లి బావుల్లో చేద మునగడం లేదు, అడుగున దొర్లి బురద తెస్తోంది. ఊళ్లో అందరి నోటా నీళ్ల మాటే కాబట్టి, పిల్లల పాఠం కూడా నీళ్ల మీదే పెట్టింది కరుణశ్రీ. ఏ గల్లి పిల్లలు ఆ గల్లి బావులు కొలిచి రావాలి. బడిలో ఉన్న టేపు ఒక్కటే, అదీ తెగింది. పూలమ్మే ముత్తెమ్మ నుంచి పలుపుతాడు పేనే వాళ్ల దాకా అందరికీ తెలిసిన కొలత మూరే కదా అని, మూరల్లోనే కొలవమన్నది. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర.

కొలిచి తెచ్చిన లెక్కలను అందరిలాగా అట్ట మీద రాయించలేదు. బడిలో పొడుగాటి పెంకుల గది ఉంది. దాని నేల మీద పిల్లల చేత ముగ్గుతో ఊరి గల్లీలన్నీ గీయించింది. నూలు దారాలను పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టించింది. బావికొక దారం. మూరకు ఇంత దారమని స్కేలుతో కొలిచి కత్తిరించి, ముగ్గులో ఏ బావి ఎక్కడుందో సరిగ్గా దాని మీదికి వచ్చేటట్టు పైనుంచి వేలాడదీశారు. కొసకు నీలిమందులో ముంచిన గుడ్డపేలిక కట్టారు. అది నీళ్లు.

చూడడానికి ఊరంతా వచ్చింది. గది తలుపు దగ్గర కరుణశ్రీ అందరికీ ఒకటే మాట చెప్పింది.

“పైన కప్పున్నది చూడుండ్రి, గదే మనం నడిచే నేల. ఇప్పుడు మీరు నేల కింద నడుస్తున్నరు.”

నేను లోపలికి పోయాను. గాలికి దారాలు మెల్లగా ఊగుతున్నాయి. పచ్చని వాన సగం దూరం కురిసి, కింద పడడం మరిచిపోయినట్టుంది. మార్కెట్ దిక్కున నీలి పేలికలు నా తల మీద తగిలాయి. ఇంకాస్త నడిస్తే భుజాలకు, ఇంకాస్త నడిస్తే చేతులకు. నిజంగానే నీళ్లలోకి దిగినట్టు ఒళ్లు చల్లబడింది. మా గల్లి మీదికి వచ్చేసరికి పేలికలు నా పాదాల దగ్గర నేలను రాస్తున్నాయి. నీళ్లు మా కాళ్ల కిందికి ఎప్పుడు దిగిపోయాయో, మాకు చెప్పకుండానే దిగిపోయాయి. నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వెనకనుంచి ఎవరో జరగమన్నా జరగలేదు.

సర్పంచ్ కూడా వచ్చి చూశాడు. మా గల్లి దారాలు పట్టుకొని, “అన్నిటికంటె కిందికి గీడనే ఉన్నయి నీళ్లు. ఊరికొచ్చిన బోరు ఒక్కటే. గీ గల్లికే ఏస్తం” అన్నాడు. అందరి ముందూ అన్నాడు. మా గల్లి ఆడవాళ్లం ఆ సాయంత్రం ఇండ్లలోకి పోలేదు. బోరు ఎక్కడ పడాలో మాట్లాడుకుంటూ కూర్చున్నాం. మా వాకిలి ముందరే పడాలని నేను తేల్చేశాను.

మర్నాడు బడి విడిచాక కరుణశ్రీ ఇంటికి వచ్చింది. నేను అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతున్నాను. ఆమె వెంట ప్రవళిక ఉంది, మా గల్లి పిల్లే, ఆరో తరగతి. మా బావిని కొలిచింది ఆ పిల్లే.

“అవ్వా, నీ చెయ్యి చాపు జర” అన్నది కరుణశ్రీ.

చాపాను. ప్రవళిక మోచేతిని నా మోచేతికి ఆనించి, చేతిని నా చేతి మీద పరిచింది. పిల్ల వేళ్లు నా వేళ్ల మొదట్లోనే ఆగిపోయాయి.

“ఏందే ఇది?” అన్నాను.

“నీ బాయికీ ధర్మయ్య పెదనాయిన బాయికీ నడుమ ఒక్క గోడనే ఉన్నది. దారాలు చూస్తే ఆయన నీళ్లు నడుముకాడ, నీ నీళ్లు కాళ్లకాడ. నీళ్లు గోడకు గట్ల మెట్టు కట్టుకొని కూసుంటయా? పొద్దటిసంది గదే మెదుల్తున్నది మనసుల.”

ఆమె అరుగు కింద కూర్చొని విడమరిచి చెప్పింది. ధర్మయ్యది పెద్ద మనిషి మూర. మార్కెట్ దిక్కు గల్లీల్లో కొలిచింది పదో తరగతి పిల్లలు. మా గల్లి పెద్ద పిల్లలందరూ పసుపు ఉడికించే పనికి, ఏరే పనికి పోయారు. మిగిలింది ఈ చిన్నవాళ్లే. చెయ్యి చిన్నదైతే మూరలు ఎక్కువ పడతాయి. మూరలు ఎక్కువైతే దారం పొడుగవుతుంది. దారం పొడుగైంది కాబట్టే బోరు మాకు వచ్చింది.

“తప్పు పిల్లలది గాదు. మూరలల్ల కొలువుమన్నది నేను. ఎవరి మూర అని చెప్పలే.”

నా చేతిలో కొమ్ము విరిగింది. “చెప్పలేదు గద, ఇప్పుడు గూడ చెప్పకు. మా బాయిల నీళ్లు లేవన్నది అబద్ధమా? బురద తాగుతున్నం గద.”

“అబద్ధం గాదు. గని మనకంటె బురద తాగెటోళ్లు ఇంకో గల్లిల ఉన్నరేమో. నాకు ఎరుక లేదవ్వా. గదే నా బాధ. గా గదిల అందరిని నేల కింద నడిపిచ్చిన. తప్పు నేల కింద నడిపిచ్చిన.”

“నీకేం పిల్లా, ఇయ్యాల ఉంటవు, రేపు జక్రాన్‌పల్లికో ఏడికో బడి మారి పోతవు. గీడ చేదలేసెటోళ్లం మేము.”

“నేను గూడ నీ బాయి నీళ్లే తాగుతున్న అవ్వా” అన్నది. గొంతు పెంచలేదు.

ప్రవళిక చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది. వెచ్చగా, పసుపు అంటిన వేళ్లతో. ఆ పిల్లను చూస్తే తిట్టబుద్ధి కాలేదు. దూరంగా ఎవరి వాకిట్లోనో పొయ్యి రాజేశారు. ఆవిరి లేచి గల్లిలోకి దిగుతోంది. ఎదురిల్లు కాసేపు కనబడింది, కాసేపు కనబడలేదు.

“అయితే మళ్ల కొలువు పో. నన్నెందుకు అడుగుతున్నవు?”

“నేను కొలిస్తే, తానున్న గల్లికే బోరు మలుపుకున్నదంటరు. సర్పంచ్ మనిషి కొలిస్తే ఆయన గల్లికంటరు. నువ్వు కొలిస్తే ఎవ్వరేమనరు. నీ నోటికి జడిసి ఏ ఇంటోళ్లు గూడ బాయికాడ అడ్డం రారు. పైంగ, నీ కొలతతోని నీ గల్లి బోరే పోయిందనుకో, గా కొలత తప్పని ఎవ్వరు అనరు.”

పొగడ్తో, ఉరో తెలియలేదు. ఏరిన కొమ్ములు గంపలో వేశాను.

ఆమె లేచి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

“రేపు పొద్దున పిల్లలతోని నడువు అవ్వా. అన్ని గల్లీలల్ల, అన్ని బాయిలకాడ, నీ ఒక్క చెయ్యితోనే తాడు కొలువు. అందరు వినేటట్టు మూరలు లెక్కవెట్టు. ముందుగాల మన బాయి నుంచే మొదలువెట్టు. గీడ కొలిచేటప్పుడు మాత్రం వేళ్లు జర గూడ ముడువకు.”